ఒకే అంకె నలభై సార్లు

ఒక మనిషి ఉద్యోగం పోవడానికి నేను కారణమయ్యాను. చాలా ఏళ్ళు ఆ మాటను నేను రాసిన ప్రోగ్రాము మీదికి నెట్టి చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పే ఓపిక లేదు. ప్రోగ్రాము రాసింది నేను. అది వేసిన అంకెను అందరికంటే ముందు నమ్మింది నేను. ఎవరూ అడగకుండానే దానికి ఇంకో మాట జోడించిందీ నేనే.

డెబ్భైల చివరి సంగతి. కృష్ణ ఒడ్డున, మఠంపల్లికి ఇవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. కోదాడలో గది కిరాయికి తీసుకుని రోజూ పొద్దున ఫ్యాక్టరీ బస్సెక్కేవాణ్ణి. బస్సులో సున్నపురాయి దుమ్ము, బీడీ పొగ, నిద్ర. ఫ్యాక్టరీ వాళ్ళు హైదరాబాదు నుంచి ఒక కంప్యూటరు తెప్పించారు. బీరువా అంత ఉండేది. చుట్టుపక్కల మూడు తాలూకాల్లో ఎవరూ అలాంటిది చూసి ఉండరు. దానికి ప్రోగ్రాము రాయడానికే నన్ను తీసుకున్నారు. కూలీలు నన్ను ‘కంప్యూటర్ సారు’ అనేవాళ్ళు.

చేయాల్సిన పని చెప్పడానికి చిన్నది. సున్నపురాయి పొడి కాలే పెద్ద గొట్టపు బట్టీ ఒకటి ఉంటుంది, పడుకోబెట్టిన పొగగొట్టంలా, నెమ్మదిగా తిరుగుతూ. దాని లోపలి వేడిని ఒక పెట్టె కొలిచి, నిమిషానికి ఒకసారి అంకెగా మార్చి, రెండు తీగల మీదుగా మా గదికి పంపేది. అంకె మొత్తం ఒక్కసారిగా రాదు. అక్షరం వెనుక అక్షరం, ఒక్కో అక్షరంలో మళ్ళీ ఎనిమిది చుక్కలు, ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మొదటి చుక్క ఎప్పుడు తగిలిందో నా ప్రోగ్రాము కనిపెట్టాలి. అక్కడి నుంచి లెక్క తప్పకుండా ఆగుతూ మిగతావి చదవాలి. ఎనిమిది పూర్తయితే ఒక అక్షరం, నాలుగు అక్షరాలు పూర్తయితే ఒక అంకె. దాని పక్కన గంటా నిమిషమూ వేసి టెలిప్రింటరు మీద కొట్టించాలి. ప్రోగ్రామంతా కాగితపు పట్టీ మీద చిల్లులుగా ఉండేది. అది చెడిపోయినప్పుడల్లా యంత్రం ముందున్న మీటలు ఒక్కొక్కటే ఎత్తుతూ దించుతూ మొదటి ఆజ్ఞలు చేత్తో ఎక్కించాలి. ఒక్క మీట తప్పితే మళ్ళీ మొదటికే. ఆరు నెలలు పట్టింది. వేళ్ళ చివర్లు కాయలు కాశాయి.

ఆరు నెలలైనా నేను విసుగుపడలేదు. సూర్యాపేటలో పెరిగినవాణ్ణి. గ్రంథాలయం వెనుక గదిలో ఆదివారం ఆదివారం జరిగే వాదాల్లో మీసాలు రాకముందు నుంచే కూర్చున్నాను. దెయ్యాలు, బాణామతి, జాతకాలు, కులం, ఏది ముందుకొచ్చినా మేము అడిగే ప్రశ్నలు మూడే. ఎవరు చూశారు? ఎక్కడ రాశారు? రాసినవాడు అబద్ధమాడలేదని ఏమిటి నమ్మకం? మొదటి రెండింటికీ జవాబు దొరికినా మూడోదాని దగ్గర అందరూ ఆగిపోయేవాళ్ళు. ఇప్పుడు నా చేతికి అబద్ధమాడని సాక్షి దొరికిందనుకున్నాను. దానికి ఆశ లేదు, భయం లేదు, కులం లేదు. అలాగే ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ణి కూడా.

ఆ సాక్షిని మొదటిసారి నడిపిన రోజునే ఫ్యాక్టరీ మేనేజరుకూ నాకూ పడలేదు. ఆయన బెజవాడ వైపు మనిషి, పని తెలిసినవాడు, మర్యాదస్తుడు. కాని బట్టీకి లోపల ఇటుకలు మార్చి మళ్ళీ ముట్టించాలంటే మంచి గంట చూడనిదే అగ్గిపుల్ల గీయనివ్వడు. పంతులు రాసిచ్చిన చీటీ ఆయన సొరుగులో ఉండేది. కంప్యూటరుకూ కొబ్బరికాయ కొట్టించాడు.

“నీళ్ళు లోపలికి పోతే తగలబడుతుంది సార్,” అన్నాను.

“బయటే కొట్టిస్తానండీ. మీ నమ్మకం మీది, మా నమ్మకం మాది.”

“నాది నమ్మకం కాదు సార్.”

“అదే మీ నమ్మకం,” అని నవ్వాడు.

బట్టీ మంట చూసే మనిషిని బర్నరు అంటారు. ముగ్గురు బర్నర్లు షిఫ్టులవారీగా ఉండేవాళ్ళు. వాళ్ళలో పెద్దాయనకు యాభై ఉంటాయి. మఠంపల్లి దగ్గర క్రైస్తవ కుటుంబం. సున్నపురాయి గనిలో రాళ్ళు మోసి, అక్కడి నుంచి బట్టీ దగ్గరికి వచ్చి ఎనిమిదేళ్ళయింది. రంగు అద్దంలోంచి మంటను చూసి వేడి ఎంతుందో చెప్పేవాడు. పక్కనే ముల్లు మీటరు ఉండేది గాని అది ఆ క్షణం మాట చెప్తుంది, గుర్తుంచుకోదు. అంతకుముందు సిరా ముల్లుతో కాగితం మీద గీత గీసే పాత యంత్రం ఒకటి ఉండేది. కంప్యూటరు రాగానే దాన్ని ఊడదీసి స్టోరులో పడేశారు. ఆ రోజు ఆయన నన్ను అడిగాడు.

“మంచిగనే గీస్తుండె గద సారూ. ఎందుకు తీసేసిండ్రు?”

“ఇంక అక్కర్లేదు. ఇది రాస్తుంది.”

“ఇది ఆగిపోతే?”

“ఆగదు. అలసిపోదు.”

“గట్లనా. మా ఇంటామె లెక్కనే ఉన్నట్టుంది. ఆగది, అలవది, మనం జెప్పింది ఇనది.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

కాని అది మొదట్లో పిచ్చి రాతలు రాసింది. మా తీగలు కరెంటు తీగల పక్కనే వేశారు. రాళ్ళు పగలగొట్టే మర మోటారు మొదలైనప్పుడల్లా మధ్యలో చుక్కలు చెదిరిపోయి, పద్నాలుగు వందలు రావలసిన చోట తొమ్మిది వేలో, మూడో వచ్చేది. రోజూ పొద్దున కాగితం మేనేజరు బల్ల మీదికి పోతుంది. ఆయన ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి పంపేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, “తొమ్మిది వేల డిగ్రీలంటండీ. బట్టీ ఉందా, కరిగి కృష్ణలో కలిసిందా, ఒకసారి చూసి రండి,” అన్నాడు.

తీగలు మార్చమని అడిగాను. డబ్బు లేదన్నారు. అందుకని ప్రోగ్రాములో ఒక నియమం పెట్టాను. కొత్తగా వచ్చిన అంకె దాని ముందరి అంకె కంటే యాభై డిగ్రీలకు మించి తేడాగా ఉంటే అది తీగల మీద పుట్టిన అబద్ధం. దాన్ని పారేసి ముందరి అంకెనే మళ్ళీ వెయ్యి. బట్టీ వేడి ఒక్క నిమిషంలో అంత మారదు కదా అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. బర్నర్లు గదికి వంద గజాల్లో ఉన్నారు. పోయి అడిగితే ఐదు నిమిషాల పని.

మర్నాటి నుంచి కాగితం శుభ్రంగా వచ్చింది. మేనేజరు మెచ్చుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక శుక్రవారం. లారీలు బారులు తీరి ఉన్నాయి. పదిన్నరకు బట్టీ వేగం పెంచమని మేనేజరు ఉత్తరువు రాశాడు. ఆ షిఫ్టులో ఉన్నది పెద్ద బర్నరు. వేగం పెంచలేదు సరికదా, పది నలభైకి బాగా తగ్గించేశాడు. పదకొండు ఇరవై దాకా అలాగే ఉంచాడు. తన బుక్కులో ఇలా రాసుకున్నాడు: “10-40. వేడి ఒక్కపారి పడ్డది. పెచ్చు ఇరిగింది. నిమ్మళం చేసిన.” బట్టీ లోపలి గోడకు కరిగిన సరుకు పెచ్చులా అంటుకుని ఉంటుంది. అది విరిగి పడితే దాని వెనుక ఆగిన పచ్చి సరుకంతా ఒక్కసారి ముందుకు దూకి మంటను చల్లబరుస్తుంది. అప్పుడు బట్టీని నెమ్మది చేయకపోతే సరుకు కాలకుండానే బయటపడుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మేనేజరు నన్ను కాగితం పట్టుకుని రమ్మన్నాడు. తీసుకుపోయి బల్ల మీద పరిచాను. పది నలభై నుంచి పదకొండు ఇరవై దాకా, నిమిషం నిమిషానికీ, పద్నాలుగు వందల పన్నెండు. వేడి ఒక్క డిగ్రీ కూడా పడలేదు.

“మరి ఈయన పడిందని ఎందుకు రాసినట్టు?” అన్నాడు మేనేజరు.

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. గోడ మీది క్యాలెండరు చూశాను. “శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం సార్,” అన్నాను. “కొత్త వేగం రాహుకాలంలో మొదలుపెట్టడం ఇష్టం లేక ఆపుకుని ఉంటాడు.”

మేనేజరు కూడా క్యాలెండరు వైపు తిరిగాడు. తన సొరుగులో చీటీ ఉన్న మనిషికి అది ఎంత సులువుగా నమ్మదగిన మాటో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

సోమవారం విచారణ పెట్టారు. ఉత్తరువు ధిక్కరించడం, తప్పుడు రాత రాయడం, రెండు నేరాలు. పెద్ద బర్నరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద చల్లారే గదిలో పెచ్చు ముక్కలు పడ్డాయి, చూసుకొమ్మన్నాడు. అవి అప్పటికే మరలో నలిగి సిమెంటయి బస్తాల్లో వెళ్ళిపోయాయి. ఆయన కింద పనిచేసే ఇద్దరూ మాకు తెలవదన్నారు. మేనేజరు రాహుకాలం మాట ఎత్తాడు.

“మాది చర్చి సార్,” అన్నాడాయన.

నేను అందుకున్నాను. “చర్చికి పోయేవాళ్ళ పెళ్ళి పత్రికలు నేను చూడలేదా? మతం మార్చుకున్నా ముహూర్తం మార్చుకోలేదు మనవాళ్ళు.”

ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. ఆయన నా వైపు తిరిగాడు.

“సారూ, ఆ కాయితం ఒక్కపారి నాకియ్యుండ్రి.”

ఇచ్చాను. చాలాసేపు చూశాడు. చదువు అంతంత మాత్రమే, కాని అంకెలు వచ్చు.

“నలభై నిమిషాలు ఒక్క తీర్గ ఉన్నది గద.”

“అదే కదా మేమంటున్నది.”

“బట్టీ గట్లుంటదా సారూ? ఎన్నడన్న ఉన్నదా? ఊపిరి తీసేదేదన్న గట్లుంటదా?”

“యంత్రం కన్ను నీ కన్ను కంటే గట్టిది,” అన్నాను.

వారం తిరక్కుండా ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నేను దాని మీద వ్యాసం రాశాను. సూర్యాపేటలో బడిపంతులుగా ఉన్న నా మిత్రుడు ఒక చిన్న మాసపత్రిక నడిపేవాడు. గ్రంథాలయం గదిలో నాతోపాటు వాదించినవాడే. ఎర్ర అట్ట పత్రిక అది. నా వ్యాసం సంచిక మధ్యలో వేశాడు. రాహువు బట్టీలోకి దూరాడు, యంత్రం పట్టిచ్చింది అనే ధోరణి. పేరు పెట్టలేదు గాని మఠంపల్లిలో ఎవరికి తెలియదు? ఉత్తరాలు వచ్చాయి. కోదాడలో ఒక సభలో నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

రెండు నెలలకు హైదరాబాదు పంపడానికి ఒక నివేదిక తయారుచేయమన్నారు. పాత కాగితాల చుట్టలు గదికి తెచ్చుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం నేల మీద పరిచి కూర్చున్నాను. ఏ రోజు చూసినా అంకెలు కదులుతూనే ఉన్నాయి. పద్నాలుగు వందల ఎనిమిది, పదకొండు, తొమ్మిది, పన్నెండు. నిలకడగా ఉన్న రోజు కూడా ఒకటీ రెండూ అటూ ఇటూ. ఆ శుక్రవారం దగ్గరికి వచ్చాను. పద్నాలుగు వందల పన్నెండు, పద్నాలుగు వందల పన్నెండు, పద్నాలుగు వందల పన్నెండు. వేలు పెట్టి లెక్కపెట్టాను. నలభై సార్లు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా, బట్టీ దగ్గరున్నలాంటిదే అంకెలు పంపే పెట్టె ఇంకోటి తెచ్చి మా గదిలోనే తగిలించాను. దాని మీద వేడి అంకె మార్చే మరను పద్నాలుగు వందల పన్నెండు దగ్గర పెట్టి, ఒక్కసారిగా పన్నెండు వందల తొంభైకి తిప్పాను. టెలిప్రింటరు పద్నాలుగు వందల పన్నెండే కొట్టింది. మరో నిమిషం ఆగాను. అదే. పదమూడు వందలకు తెచ్చాను, పదమూడు వందల నలభైకి తెచ్చాను. అదే. పదమూడు వందల డెబ్భైకి తెచ్చాక గాని నిజం అంకె వేయలేదు.

నేను పెట్టిన నియమం పారేసిన అంకెను మరిచిపోతుంది. తర్వాత వచ్చినదాన్ని కూడా పాతదానితోనే పోల్చి మళ్ళీ పారేస్తుంది. వేడి నిజంగా పడిపోతే, అది తిరిగి పాత చోటికి దగ్గరయ్యేదాకా ఎన్ని నిమిషాలైనా నా ప్రోగ్రాము వినిపించుకోదు. ఒకసారి కాదన్నదాన్ని ఇంక కాదంటూనే ఉంటుంది. ఆ రకం మనుషుల మీద నేను పదిహేనేళ్ళు వ్యాసాలు రాశాను.

మేనేజరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నాడు. అందుకే బాధేసింది.

“అయితే ప్రోగ్రాము బాగు చేయండి,” అన్నాడు.

“చేస్తాను సార్. ఆయన్ని?”

“విచారణ ముగిసిందండీ. సంతకాలయ్యాయి. ఇప్పుడు మిషను తప్పు రాసిందంటే హైదరాబాదులో నన్నేమంటారు? మిమ్మల్నేమంటారు?”

“నన్ను అనాల్సిందే కదా సార్.”

“మీరు ఒంటరివాళ్ళు. మీకు బాగానే ఉంటుంది.”

సూర్యాపేట పోయి మిత్రుడికి సవరణ వ్యాసం ఇచ్చాను. చదివి బల్ల మీద బోర్లించాడు.

“ఇది ఎయ్యను.”

“ఎందుకు?”

“ఎందుకేంది? రేపు ప్రతి పంతులూ దీన్ని చేతిల పట్టుకుని తిరుగుతడు. చూసిండ్రా, వీళ్ళ యంత్రాలు గిట్లనే ఉంటయి అంటడు. మన చేత్తో మనమే ఇస్తమా?”

“తప్పు రాశాం కదా.”

“చిన్న తప్పు. పెద్ద నిజానికి దెబ్బ తగుల్తది. జర ఆలోచించు.”

నాకు ఆ మాట కొత్త కాదు. మఠాధిపతుల తరఫున ఇదే మాట అన్నవాళ్ళను మేమిద్దరం కలిసి ఎన్నిసార్లు నిలదీశామో. బోర్లించిన కాగితాలు తీసి జేబులో పెట్టుకున్నాను. చాయ్ తాగి బస్సెక్కాను.

పెద్ద బర్నరు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బాయిలరు దగ్గర ఉన్నాడని తెలిసింది. పోయాను. ఉడికిన వడ్ల వాసన, ఊక దుమ్ము. ఆయన పారతో ఊక పొయ్యిలోకి తోస్తున్నాడు. నన్ను చూసి ఆపలేదు. నిలబడే చెప్పాను, నియమం ఏమిటో, అది ఏం చేసిందో.

“అంటే నేను రాసింది నిజమే.”

“నిజమే.”

“అది నాకు ముందుగాలనే ఎరుక సారూ. గిదే చెప్పనీకి కోదాడ కెల్లి వచ్చినవా?”

“పేపర్లో కూడా రాద్దామనుకున్నాను. వేయనన్నారు.”

“పేపరు జోలి ఇడిసిపెట్టు. ఇగ సాలు నీ పేపరు. మా అల్లుడు సదివి ఇనిపిచ్చిండు అప్పట్ల.” పార పక్కన పెట్టి, తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. “నా నౌకరీ వస్తదా, జెప్పు.”

“లేబర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వు. నేను వచ్చి చెప్తాను.”

“చెప్తవా? చెప్తే నీది పోతది.”

“పోనీ.”

“పోనీ అంటవు. పోయినోనికి తెలుస్తది.” పార మళ్ళీ అందుకున్నాడు. “సరే, ఇస్త. ఎనిమిదేండ్ల సర్వీసు ఉన్నది. ఉత్తగ ఇడుస్తనా?”

లేబర్ ఆఫీసు మిర్యాలగూడలోనే. అధికారి వయసు మళ్ళినవాడు, ఓపికగా విన్నాడు. ఆ శుక్రవారం కాగితమూ, పంపే పెట్టెతో చేసిన పరీక్ష కాగితమూ ఆయన ముందు పెట్టాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఫ్యాక్టరీ తరఫున వచ్చిన వకీలు రాహుకాలం మాట మళ్ళీ ఎత్తాడు. అధికారి బర్నరు వైపు చూశాడు.

“ఏమయ్యా, నువ్వు రాహుకాలం చూస్తవా, చూడవా?”

చూడనంటే సరిపోతుంది. ఆయన కాసేపు తన చెప్పుల వైపు చూశాడు.

“ఇంట్ల సూస్తం సార్. బిడ్డ పెండ్లికి సూసినం. బర్రెను కొన్నప్పుడు సూసిన.”

వకీలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

“మరి బట్టీకాడ?”

“బట్టీకాడ సూస్తే కాళ్ళు కాల్తయి సార్. గాడ మంటనే సూడాలె.”

అధికారి నవ్వలేదు. నేను మాత్రం తల దించుకున్నాను. నా ఊహలో సగం నిజమే. ఆయన రాహుకాలం చూసే మనిషే. చూస్తూనే తన పని నిజంగా చేశాడు. ఈ రెండూ ఒక మనిషిలో ఇముడుతాయని నా వ్యాసాల్లో ఎక్కడా లేదు.

మూడు వాయిదాల తర్వాత రాజీ కుదిరింది. ఉద్యోగం తిరిగి ఇస్తారు, సర్వీసు పోదు, కాని బట్టీ దగ్గర కాదు. బస్తాలు నింపే షెడ్డులో. అధికారాన్ని ధిక్కరించిన మనిషిని మళ్ళీ బట్టీ దగ్గర పెడితే మిగతావాళ్ళు మాట వినరని మేనేజరు పట్టుబట్టాడు. బర్నరు ఒప్పుకున్నాడు. బయట మెట్ల మీద నేను ఇంకా పోరాడదామన్నాను.

“నీకు పోరాడుడు అలవాటు సారూ,” అన్నాడు. “నాకు ఇంటికి పోవుడు అలవాటు.” బస్టాండు వైపు నడిచాడు.

నా ఉద్యోగం పోలేదు. ప్రోగ్రాము తిరిగి రాయగల మనిషి ఇంకొకడు దొరకలేదు వాళ్ళకు. ఈసారి ఏదీ పారేయకుండా రాశాను. వచ్చిన ప్రతి అంకే అచ్చవుతుంది, చెత్తతో సహా. అనుమానంగా ఉన్నదాని పక్కన ఒక చుక్క పడుతుంది, అంతే. మేనేజరు మళ్ళీ ఎర్ర సిరా తీశాడు. నేను పట్టించుకోలేదు.

పెద్ద బర్నరు స్థానంలో త్రిపురారం నుంచి వచ్చిన ఒకతను చేరాడు. నలభై ఏళ్ళవాడు, పని బాగా నేర్చాడు. ఒక మధ్యాహ్నం నా గదిలో ఫోను మోగింది.

“కంప్యూటర్ సారూ, నేను బట్టీకాడికెల్లి. మంట జర ఎర్రబడ్డట్టు కొడుతుంది. నీ కాయితంల ఎంతున్నది?”

“నువ్వు చూస్తున్నావు కదా. నీకు ఎంత అనిపిస్తుంది?”

“నాకనిపిచ్చింది ఎందుకు సారూ. నువ్వు చెప్పు.”

“నాది తప్పు కావచ్చు. మంట చూసి రాయి.”

అవతల బట్టీ హోరు వినిపిస్తోంది. అతను ఫోను పెట్టేయలేదు.

“మంట సూసి రాసినాయన యాడున్నడు సారూ?” అన్నాడు. “బస్తాలు కుడుతున్నడు. నువ్వు అంకె చెప్పు, నేను అదే రాసుకుంట.”

టెలిప్రింటరు వైపు తిరిగి, పద్నాలుగు వందల ఐదు అని చదివాను. ఆ పక్కన చుక్క ఉందని కూడా చెప్పాను. చుక్క సంగతి అతనికి అక్కర్లేదు. అంకె రాసుకుని ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత గంట గంటకూ ఫోను చేసేవాడు. నేను ఆ ఫ్యాక్టరీ వదిలేదాకా చెప్తూనే ఉన్నాను.